జహ్నమాము నేర్పిన అక్షరాలు

మా ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పదిహేడేళ్ల కాపురం ఇలాగే గడిచిపోయింది. షాపుకి వచ్చే బిల్లులు ఒడియాలో ఉంటే ఆయన చూసేవారు. శుభలేఖలు తెలుగులో వస్తే నేను చదివి వినిపించేదాన్ని.

మా కన్నవారిది పాతపట్నం పక్కన పల్లె, అత్తవారిది పర్లాకిమిడి. మధ్యలో ఎంతో దూరం లేదు, ఆటో ఎక్కితే కబుర్లు పూర్తయ్యేలోపు దిగిపోతాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత ఈ మధ్యలోంచే పోయింది. పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు. మా మావయ్యగారి తండ్రి పుట్టినప్పుడు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీయే. ఇప్పటికీ మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. కానీ పిల్లలు ఒడియా బడికో ఇంగ్లీషు బడికో వెళ్తారు. అందుకే తెలుగు నోట్లో మిగిలింది, చాలామందికి కంటికి ఆనదు.

నేను చిన్నప్పటి నుంచీ పుస్తకాల పిచ్చిదాన్ని. పెళ్లయి వచ్చేటప్పుడు సారెతో పాటు ఒక సంచీ నిండా నవలలు తెచ్చుకున్నాను. అవి అయిపోయాక పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మరో నాలుగు. ఇంట్లోనే రెండు అరల నిండా ఒడియా పుస్తకాలుంటే, నేను వాటి దుమ్ము దులిపి మళ్లీ అక్కడే సర్దేదాన్ని. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి సంగతి మా జిల్లావాళ్లకీ శ్రీకాకుళం జిల్లావాళ్లకీ ఎవరూ చెప్పనక్కర్లేదు. కొండల మీద చరియలు విరిగిపడి మనుషులు పోయారు. మా ఇంట్లో వెనక గది పెంకులు లేచిపోయి, అటక మీదున్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎండ వచ్చిన రోజున పెట్టె కిందికి దించి, తడిసినవన్నీ డాబా మీద పరిచాం. పట్టుచీరలు ఒకపక్క, దస్తావేజులు ఒకపక్క. అట్టడుగున దారంతో కుట్టిన పుస్తకాల కట్టలు. మా ఆయన చిన్నప్పటి ‘జహ్నమాము’లు.

జహ్న అంటే చంద్రుడు. మాము అంటే మేనమామ. అది ఒడియా చందమామ అని తెలుసు గానీ ఎప్పుడూ విప్పి చూడలేదు. అతుక్కుపోయిన పేజీలను ఒక్కొక్కటే విడదీస్తున్నాను. ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. చేతిలో శూలం, ఒంటినిండా బూడిద, పక్కన కత్తి పట్టిన యువకుడు. ఆ బొమ్మ నేను ఎరుగుదును! చిత్ర గారు వేసిన సిద్ధసాధకుడూ జయశీలుడూ. మాయా సరోవరం. ఎనిమిదో తరగతి సెలవుల్లో మా అన్నయ్య కుట్టించి దాచిన చందమామల్లో, పెరట్లో పనస చెట్టు కింద కూర్చుని చదివిన సీరియల్. బొమ్మ అదే, ఆ సిరా గీతలూ అవే. దాని కిందున్న అక్షరాలే నావి కావు.

నిజం చెప్పాలంటే అంతకుముందు రెండుసార్లు ఒడియా నేర్చుకోవాలని కూర్చున్నాను. మా అమ్మాయి ఒకటో తరగతి వాచకం పట్టుకుని మొదలుపెట్టి, పది రోజుల్లో వదిలేశాను. పిల్లి, గంట, కమలాపండు చదివి నలభై దగ్గరపడ్డ మనిషికి ఏం ఉత్సాహం పుడుతుంది? ఇప్పుడు వేరు. ఈ పేజీలో ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు. తెలియనిది అక్షరమొక్కటే.

తరువాత వారం ఫోన్లు కలిశాక మా అన్నయ్యకు చెప్పాను. వాడు బండి మీద చందమామల కట్ట వేసుకొచ్చి ఇచ్చివెళ్లాడు. మధ్యాహ్నం షాపు మూసి ఆయన పడుకున్నాక, ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఒడియా పెట్టుకుని కూర్చునేదాన్ని. బొమ్మను బట్టి భాగాన్ని వెతుక్కోవాలి. దొరికాక మొదట పేర్లు పట్టుకోవాలి, ఎందుకంటే పేర్లు రెండింటిలోనూ ఒకటే. జయశీలుడి పేరు ఒక్కటి దొరికితే జ, య, శ, ల నాలుగూ చిక్కినట్టే. వాటితో పక్క మాట సగం తెలుస్తుంది, మిగతా సగం కథ చెబుతుంది. దొరికిన ప్రతి అక్షరాన్నీ షాపు డైరీ వెనక పేజీలో దాని తెలుగు అక్షరం పక్కన రాసుకునేదాన్ని. మూడు వారాలకు డైరీలో దాదాపు అన్నీ వచ్చాయి. ఒత్తులు మాత్రం నాలుగు నెలలు ఏడిపించాయి.

మావయ్యగారు ఒకరోజు మంచినీళ్లకు వచ్చి చూసి, ఏమీ అనకుండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను వేలు పెట్టి చదువుతున్నాను.

“అది య కాదమ్మా. అక్కడ జ అని పలకాల.”

“య లాగే రాసుంది కదండీ మావయ్యగారూ!”

“రాత ఏటైనా రాయనీ. యుద్ధం మనకి. వీళ్లకి జుద్ధ. యోగి జోగి. మన జాతర ఎక్కడిదనుకున్నావు? యాత్రే గదా.”

ఆ ఒక్క మాటతో నాకు చాలా తలుపులు తెరుచుకున్నాయి. అంతవరకు నోటితో పలికిన ఒడియా వేరు, కాగితం మీది ఒడియా వేరు అనిపించేది. లక్ష్మి అని రాసి లఖ్మి అంటారు. వీర అని రాసుకున్నది నోట్లో బీర అవుతుంది. మనలాగే వీళ్లూ మాట చివర అచ్చును మింగరు. ఇల్లు ‘ఘర’, పువ్వు ‘ఫుల’, నీళ్లు ‘జళ’, నిండుగా పలుకుతారు. తెలుగు చెవికి అది ఎంత హాయిగా ఉంటుందో! రోజూ వింటూనే ఉన్నా, చదవడం మొదలుపెట్టాకే ఆ పోలిక గమనించాను.

ఇక ఆ జానపద నవలల సంగతి. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో రాసిన సీరియళ్లు నాలాంటి వాళ్లకు ఎన్ని ఇచ్చాయో లెక్కకట్టలేను. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపం, శిథిలాలయం, మాయా సరోవరం. అప్పట్లో కథ కోసం పరుగెత్తాను. ఈసారి రోజుకు అరపేజీ చొప్పున నడిచాను. నడిస్తే కనిపించేవి వేరు. ఆ కథల్లో దేవుడు దిగొచ్చి కష్టం తీర్చడం అరుదు. మాంత్రికుడు ఎంతటివాడైనా అతనికి ఒక లోపం ఉంటుంది, దాన్ని కనిపెట్టేది బుద్ధి. రాజు కన్నా అడవే పెద్దది. అడవిలోకి వెళ్లాక రాజకుమారుడికీ మామూలు వాడికీ తేడా పోతుంది. ఆకలి, దాహం, చీకటి ఇద్దరికీ ఒకటే. వాక్యాలు ఎంత సూటిగా ఉంటాయంటే, ఒడియాలోకి వెళ్లినా ఆ సూటిదనం చెక్కు చెదరలేదు. అనువదించిన వారెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పుడు మనసు ఒప్పుకోలేదు. అడవిలో ఉండే మనుషులు ఆ కథల్లో తరచుగా ఈకలు పెట్టుకుని, అరుస్తూ, బలి ఇవ్వడానికి సిద్ధంగా కనిపిస్తారు. చిన్నప్పుడు అది భయం, సరదా. ఇక్కడికి వచ్చాక సంత రోజున మా షాపు ముందు సవర ఆడవాళ్లు వరసగా కూర్చుంటారు. చీపుర్లు, అల్లం, పనసకాయలు తెస్తారు. అద్దం కొనుక్కుంటూ ధర దగ్గర గట్టిగా బేరమాడతారు, నా బిడ్డకు జ్వరం వచ్చిందంటే మర్చిపోకుండా పై వారం అడుగుతారు. వాళ్లను చూసిన కళ్లతో ఆ బొమ్మలు చూస్తే తప్పు కనబడుతుంది. కథల మీద ప్రేమ తగ్గలేదు. కానీ మా పిల్లలకు చదివి వినిపించేటప్పుడు ఆ చోట ఆగి, మన సంతకు వచ్చే వాళ్లు ఇలా ఉండరని చెబుతాను.

ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టరుగా ఉండి సవర భాష నేర్చుకున్నారు. సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, మాట మాటా అడిగి రాసుకున్నారు. ఆ కొండల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైను మింగి చెవులు పోగొట్టుకున్నారు. పక్కవాడి భాష కోసం ఒక మనిషి అంత ఇచ్చుకున్న ఊళ్లో ఉంటూ, ఇంట్లో అరలో ఉన్న ఒడియా పుస్తకాన్ని నేను పదిహేడేళ్లు తెరవలేదు.

జహ్నమాములు మూడు కట్టలు అయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. మధ్యలో కరోనా వచ్చింది. ఆ ఖాళీలో ఊపందుకున్నాను. తెలుగు ప్రతి చూడకుండానే చదవగలుగుతున్నానని ఒకరోజు తెలిసింది. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. అప్పుడు మావయ్యగారు అరలోంచి ఒక పుస్తకం పేరు చూపించి, “ఇది సదువు. కానీ నా దగ్గరున్నది చెదలు తినేసింది, కొత్తది తెప్పించుకో” అన్నారు. సురేంద్ర మహాంతి రాసిన ‘నీలశైల’. 1968లో వచ్చిన చారిత్రక నవల, తరువాతి ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది.

పోస్టులో తెప్పించుకున్నాను. మొదటి పేజీ చూడగానే గుండె జారింది. చందమామ వాక్యం ఒక మెట్టయితే ఇది మేడ. కానీ రెండో రోజుకే ఒక వింత తెలిసింది. పెద్ద పెద్ద మాటలన్నీ నాకు తేలిక, చిన్న చిన్న మాటలే కష్టం. సింహాసనం, ధర్మం, అపమానం, విగ్రహం, ప్రతిజ్ఞ ఇవన్నీ సంస్కృతం నుంచి ఇటూ అటూ పంచుకున్నవే. బారెడు సమాసం వస్తే సంతోషం. ‘పుణి’, ‘బోధహుఏ’ లాంటి పొట్టి మాట వస్తే తడబాటు. అవి నోటికి రోజూ వచ్చేవే, కంటికి కొత్త. పైకి చదివితే చెవి గుర్తుపట్టేది. అందుకని ఆ నవల మొదటి వంద పేజీలు గొంతెత్తి చదివాను.

వంద దాటి కొంత దూరం వెళ్లాక అసలు దెబ్బ తగిలింది. పదహారు పేజీల ఫారం ఒకటి లేదు. దాని బదులు ముందున్న పదహారు పేజీలే మళ్లీ కుట్టేశారు. కథ మంచి పట్టులో ఉంది. అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే, తెరిచిన పుస్తకం వాపసు తీసుకోం అన్నారు. తెరవకుండా పేజీలు లేవని ఎలా తెలుస్తుందండీ అంటే పెట్టేశారు. రెండు రోజులు అన్నం సహించలేదంటే అతిశయోక్తి కాదు.

మా వీధి చివర రిటైరైన ఒడియా లెక్చరర్ గారు ఒకరున్నారు. ఆయన దగ్గర ప్రతి ఉందని మావయ్యగారు కనుక్కున్నారు. పుస్తకం గడప దాటించనని ఆయన నియమం. ఫోటోలు తీసుకోమన్నారు. ఇంటికొచ్చి ఫోన్‌లో చదువుతుంటే కళ్లు లాగేసాయి. అప్పుడు అనిపించింది, ఇవి నేనే రాసుకుంటే?

అంతవరకు నేను ఒడియా చదివానే తప్ప రాయలేదు. మా అబ్బాయి రూళ్ల నోటుబుక్కు తీసుకుని మొదలుపెట్టాను. తెలుగు రాసే చేయి తలకట్టు దగ్గర టిక్కు కొట్టి వదులుతుంది. ఒడియా అక్షరానికి తల మీద గొడుగు పట్టాలి. తాటాకు మీద గంటంతో అడ్డగీత లాగితే ఆకు చిరుగుతుంది, అందుకే ఆ గీత గుండ్రంగా వంగిందని చెబుతారు. మన అక్షరాల గుండ్రదనానికీ అదే కారణం చెబుతారు. ఒకే తాటాకు, రెండు చేతులు. మొదటి పేజీ రాయడానికి రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా పట్టింది. గొడుగులన్నీ ఎడమకు వాలిపోయాయి. మూడో రాత్రికి నిటారుగా నిలబడ్డాయి. రెండు ‘ల’లు ఉన్నాయి, మన ల, ళ లాంటివి. ఒకదానికి బదులు ఒకటి రాసిన చోటల్లా మావయ్యగారు ఎర్ర పెన్ను పెట్టారు. తొమ్మిది రాత్రుల్లో పదహారు పేజీలూ అయ్యాయి. పుస్తకం కుట్టు విప్పించి, తప్పు ఫారం తీయించి, నా కాగితాలు కత్తిరించి అక్కడ కుట్టించుకున్నాను. బైండింగు అతను నలభై రూపాయలు తీసుకున్నాడు.

అప్పుడు చదివాను అసలు కథ. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగం. ఖుర్దా రాజు రెండో రామచంద్రదేవుడు. కటకంలో నవాబు తరఫున తకీ ఖాన్. రాజు ఇస్లాం పుచ్చుకోవలసి వచ్చింది, హాఫిజ్ ఖాదర్ అని పేరు మారింది. జగన్నాథుడి మొదటి సేవకుడిగా రథం మీద చీపురు పట్టవలసిన మనిషికి గుడి గుమ్మమే మూసుకుపోయింది. సొంత జనం అతన్ని నమ్మరు, కొత్త మతంవాళ్లూ నమ్మరు. ఆ నడిమధ్యలో నిలబడి, స్వామిని కాపాడాలన్న ఒక్క పట్టుతో బతికినవాడు. ఇతన్ని కథానాయకుడిగా తీసుకోవడానికి రచయితకు ఎంత ధైర్యం ఉండాలి! ద్రోహి అని ముద్రవేసి పక్కన పెట్టడం ఎంత సులువు! సురేంద్ర మహాంతి అతని లోపలికి వెళ్లారు. మతం మారిన రాజు మీద మనకు కోపం రాదు. అతను నిద్రపోడేమోనని దిగులు పుడుతుంది. చదువుతున్నన్నాళ్లూ అన్నం వడ్డిస్తూ కూడా అతని గురించే ఆలోచించాను.

వర్ణనలు కొన్నిచోట్ల సాగాయి. దండయాత్రలు, మంతనాలు వచ్చిన చోట పేర్లు కలిసిపోయి వెనక్కి తిప్పుకోవలసి వచ్చింది. అది నా చదువు లోటు కావచ్చు, కానీ మావయ్యగారూ అదే అన్నారు.

1733లో జగన్నాథ, బలభద్ర, సుభద్రల విగ్రహాలను పూరీ నుంచి దాటించి, చివరికి గంజాం వైపు మార్దా అనే ఊళ్లో దాచారు. 1736 దాకా అక్కడే ఉన్నాయి. శరణ శ్రీక్షేత్రం అంటారు. నవల పూర్తయ్యాక ఆగలేకపోయాను. బ్రహ్మపురంలో పెళ్లికి వెళ్లినప్పుడు మా ఆయన్ను బతిమాలి బండి అటు తిప్పించాను. చిన్న ఊరు, పాత గుడి. గర్భగుడిలో విగ్రహం లేదు. ఖాళీ పీఠం. దాని ముందే దీపం, దాని ముందే దండం. స్వామి వెళ్లిపోయి దాదాపు మూడు వందల ఏళ్లయినా, ఆయన కూర్చున్న చోటుకు ఇంకా మొక్కుతున్నారు. పుస్తకం చదవకపోతే ఖాళీ గుడి అనుకుని ఐదు నిమిషాల్లో వచ్చేసేదాన్ని. ఆ రోజు గంటన్నర కూర్చున్నాను. మా ఆయన కూడా తొందరపెట్టలేదు.

ఇప్పుడు ఒక గొడవ గురించి చెప్పాలి. ఆ లెక్చరర్ గారికి పుస్తకం గురించి కృతజ్ఞత చెప్పడానికి వెళ్లి మాటల్లో పడ్డాను. ఆయన ప్రతాపరుద్రుడి గొప్పతనం చెబుతున్నారు. నేను కాకతీయుల ఓరుగల్లు పతనం గురించి మాట్లాడుతున్నాను. పది నిమిషాలు ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. చివరికి తేలింది, ఆయనది గజపతి ప్రతాపరుద్రుడు, నాది కాకతి ప్రతాపరుద్రుడు. ఇద్దరి మధ్య దాదాపు రెండు వందల ఏళ్ల దూరం. ఒకే పేరు చెప్పగానే గీతకు అటు ఒక మనిషి, ఇటు ఒక మనిషి లేచి నిలబడతారు.

నాకు తెలిసిన గజపతులు శత్రువులు. బడిలో అలాగే చదివాను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, ఆ మరుసటి ఏడాది కొండవీడు పట్టుకుని, కళింగం మీదికి వచ్చి, పొట్నూరులో జయస్తంభం నాటి, సింహాచలం స్వామికి నగలిచ్చి వెళ్లాడు. అది చదివి మేం ఉప్పొంగేవాళ్లం. శ్రీనాథుడంతటి కవి ముసలితనంలో ఏడు వందల టంకాల పన్ను కట్టలేక బండ మోశాడన్న పద్యం వింటే కళ్లు చెమ్మగిల్లేవి, అదీ ఒడ్డెరాజుల కాలమేనని మాస్టారు చెప్పేవారు. ఇక్కడ అదే కథ తిరగబడుతుంది. కపిలేంద్రదేవుడు కొండవీడు గెలవడం వీళ్లకు పండగ. ‘గజపతి గౌడేశ్వర నవకోటి కర్ణాట కలబర్గేశ్వర’ అన్న బిరుదు మావయ్యగారు చెబుతుంటే గొంతు మారుతుంది. వీళ్లకు ఆ కథల్లో కథ కంచి కావేరి. పురుషోత్తమదేవుడు రథం ఊడ్చడం చూసి, చీపురు పట్టేవాడికి పిల్లనివ్వనన్నాడు కంచి రాజు. యుద్ధం జరిగింది. జగన్నాథుడూ బలభద్రుడూ నల్ల గుర్రం, తెల్ల గుర్రం ఎక్కి ముందు నడిచారు, దారిలో మాణిక అనే గొల్లామె దగ్గర పెరుగు తాగి ఉంగరం ఇచ్చారు. గెలిచిన రాజు కోపంతో పద్మావతిని ఒక ఊడ్చేవాడికే ఇచ్చి చెయ్యమన్నాడు. మంత్రి ఆగి, రథయాత్ర రోజున రాజే చీపురు పట్టినప్పుడు, ఇదిగో ఊడ్చేవాడు అని ఆమెను ఆయనకే అప్పగించాడు. పాటల్లో, నాటకాల్లో, గోడల మీద బొమ్మల్లో ఎక్కడ చూసినా ఇదే.

రెండు వైపులా చదివాక నాకు రాజుల మీద ఆసక్తి తగ్గి, ఇద్దరు అమ్మాయిల మీద మనసు నిలిచింది. పురుషోత్తమదేవుడు దక్షిణం నుంచి పద్మావతిని గెలిచి తెచ్చాడు. ఆయన కొడుకు ప్రతాపరుద్రుడు ఓడిపోయి, తన కూతురిని దక్షిణానికి కృష్ణరాయలకిచ్చాడు. మన కథల్లో ఆమె తుక్కాదేవి, భర్త ఆదరణ లేక ఒంటరిగా బతికిందని చెప్పి, ఐదు శ్లోకాలు ఆమె పేరున చదువుతారు. ఒకరు అటునుంచి ఇటు, ఒకరు ఇటునుంచి అటు. కొత్త ఇంట్లో మొదటి రోజు ఏ భాష విన్నారో, మంచినీళ్లు ఏమని అడిగారో? నేనూ గీత దాటి వచ్చిన కోడలినే. నాది ఆటో దూరం, వాళ్లది రాజ్యాల దూరం. మా అత్తయ్య నాతో మొదటి రోజునుంచీ తెలుగులోనే మాట్లాడింది కాబట్టి నేను ఏడవలేదు. ఈ ఇద్దరి లోపలి మాట రాసే నవల ఇటు గానీ అటు గానీ వస్తే నేను రాత్రికి రాత్రే చదివేస్తాను.

ఈ ఊపులో బాపిరాజు గారి గోన గన్నారెడ్డి మళ్లీ తీశాను. పెళ్లిపీటల దాకా వచ్చిన పెళ్లికొడుకునే ఎత్తుకుపోయే దొంగ, ఆ దొంగతనం వెనక రుద్రమదేవి మీద చెప్పలేనంత భక్తి. ఆ భాషకు చిత్రకారుడి చెయ్యి ఉంది, రంగులు కనిపిస్తాయి. ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఈసారి ఒకటి తెలిసింది. అందులో నా గుండె ఎందుకు అంత గట్టిగా కొట్టుకుంటుందంటే, గెలుపు మనదేనన్న నమ్మకం ముందే ఉంటుంది. నీలశైల ఆ నమ్మకం ఇవ్వదు. ఓడిపోయిన మనిషి పక్కన కూర్చోబెడుతుంది. ఒకటి మంచిది, ఒకటి కాదని కాదు. రెండూ చదివిన కళ్లతో చూస్తే మొదటిది ఇంకా అందంగా, రెండోది ఇంకా లోతుగా ఉంది. మాయా సరోవరం లాంటి కథలకు ఈ బెంగే లేదు. ఆ రాజ్యాలు ఏ పటంలోనూ లేవు కాబట్టి సరిహద్దుకు ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ ఒకే గుర్రం మీద ఎక్కి వెళ్లొచ్చు. నేను ఎక్కి వచ్చింది ఆ గుర్రమే.

మా ఆయన కూడా ఇప్పుడు రాత్రిపూట చందమామ పట్టుకుంటున్నారు, ఎడమ పక్క ఒడియా, కుడి పక్క తెలుగు. ‘ఱ’ దగ్గర ఆగిపోయి నన్ను పిలుస్తారు.

నేను ‘నీలాద్రి విజయ’ మొదలుపెట్టాను. అదీ సురేంద్ర మహాంతి గారిదే, నీలశైల తరువాతి కథ. అత్తయ్యకు ఏ లిపీ రాదు. సాయంత్రం దీపం పెట్టాక, ఒడియాలో చూస్తూ తెలుగులో చెబుతుంటే వింటుంది. రామచంద్రదేవుడి కథ విన్న రోజుల్లో ప్రతి సాయంత్రం ఒకటే ప్రశ్న: “మరి ఆ రాజుకి సామి కనపడ్డాడా లేదా?” గుడిలోకి రాలేని ఆ రాజు కోసమే సింహద్వారం దగ్గర పతితపావనుణ్ణి నిలిపారని చెబుతారు, బయట నిలబడ్డవాళ్లకు కూడా కనిపించేలా. అది చెప్పినప్పుడు అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. “నేను మూడుమాట్లు పూరీ ఎల్లినాను. అక్కడ అందరూ మొక్కుతుంటే నేనూ మొక్కినాను. ఎందుకో ఎవులూ సెప్పలేదు” అంది.

తరువాత పుస్తకం ఇలా ఇమ్మని చెయ్యి చాపింది. నేను కుట్టించిన పదహారు పేజీల దగ్గర కాగితం మందంగా తగిలినట్టుంది, అక్కడ తెరుచుకుంది. వేళ్లతో గీతల మీద తడుముతూ, “ఇది నీ రాతేనేటి?” అని అడిగింది.